పబ్లిసిటీ కారులో పెట్రోలు దొంగ

1986లో మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. చీరాలలో, వేటపాలెం వెళ్ళే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డులో నేను పెట్రోలు కార్లు బాగుచేసేవాణ్ణి. చుట్టుపక్కల లారీలు, ట్రాక్టర్లు చూసే షెడ్లు చాలానే ఉండేవి. పెట్రోలు ఇంజను సిలిండర్ హెడ్ విప్పాల్సిన పని పడితే మాత్రం పర్చూరు నుంచి కూడా నా దగ్గరికే పంపేవాళ్ళు. హెడ్ అంటే ఇంజను తలకాయ. గాలి, పెట్రోలు లోపలికి పోయే దారులు, పొగ బయటికి వచ్చే దారులు, వాటికి తలుపుల్లాంటి వాల్వులు అన్నీ అందులోనే ఉంటాయి. నా పేరు మస్తాన్. ఊళ్ళో అందరూ హెడ్డు మస్తాన్ అనేవాళ్ళు. ఆ పేరు నాకు ఇష్టంగానే ఉండేది.

ఆ రోజుల్లో హాల్లోకి కొత్త సినిమా వచ్చిందని పల్లెలకు తెలియాలంటే పబ్లిసిటీ కారు తిరగాల్సిందే. పైకప్పు మీద రెండు మైకు గొట్టాలు, రెండు పక్కలా చెక్కలకు అంటించిన పోస్టర్లు, వెనక సీట్లో ఆంప్లిఫయరు. మా ఊళ్ళో ఒక హాలువాళ్ళ కారును దేవసహాయం అనే ఆయన నడిపేవాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో మైకు పట్టుకుని, నడిచే మనిషి దాటిపోయేంత నెమ్మదిగా ఊరూరా తిరిగేవాడు. రాసిచ్చింది చదివే అలవాటు ఆయనకు లేదు. చేలో కాయ కోస్తున్న ఆడవాళ్ళు కనిపిస్తే, "కాయ రేపైనా కోసుకోవచ్చు తల్లీ, మొదటాట తప్పితే మళ్ళీ దొరకదు! ఏడుపొచ్చే సీను ఉంది, కొంగు పొడిగా ఉన్నది కట్టుకుని రండి!" అనేవాడు. వాళ్ళు నడుము నిటారుగా చేసి నిలబడి, నవ్వుకుంటూ వినేవాళ్ళు. కూలి డబ్బు చేతిలో ఆడే కాలం కాబట్టి హాలుకు అదే అసలైన సీజను.

సరిగ్గా ఆ సీజనులోనే ఒకరోజు పొద్దున హాలు యజమాని రాఘవయ్యగారు ఆ కారును మనుషుల చేత తోయించుకుంటూ మా షెడ్డుకు తెచ్చాడు. డ్రైవరు సీట్లో దేవసహాయం లేడు.

"మస్తానూ, ఇంజను విప్పు. లోపల కిరసనాయిలు మసి ఉందని నీ నోటితో చెప్పు. అంతే నాకు కావాల్సింది" అన్నాడు.

సంగతేమిటని అడిగాను. ఏడాదిగా కారు పెట్రోలు ఎక్కువ తాగుతోందట. లాగుడు తగ్గిందట. ఇంకో షెడ్డులో కార్బురేటర్, అంటే పెట్రోలునీ గాలినీ కలిపే భాగం, రెండుసార్లు శుభ్రం చేయించాడు. ప్లగ్గులు మార్పించాడు. ఏం చేసినా గుణం కనిపించలేదు. చివరికి అక్కడి మేస్త్రీ, పెట్రోల్లో కిరసనాయిలు పడుతోందేమో చూసుకోమన్నాడట. ఆ మాట పట్టుకుని రాఘవయ్యగారు నేరుగా హాలుకు వెళ్ళి, మ్యాట్నీకి టికెట్ల కోసం నిలబడ్డ జనం ముందు దేవసహాయాన్ని నిలదీశాడు. పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నావురా దొంగా అని, చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు.

"పోలీసు కంప్లైంటు ఇద్దామనుకుంటున్నా. నీ మాట కోసమే ఆగా" అన్నాడు నాతో.

నాకు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. దేవసహాయం నాకు తెలిసిన మనిషే. అయినా తెలిసిన మనిషని చెప్పి ఇంజను సంగతి తేల్చలేం కదా. "విప్పితే ఏం కనపడిద్దో అదే చెబుతానండి. మీకు కావాల్సింది చెబుతానని మాత్రం అనుకోవద్దు" అన్నాను. ఆయన ముఖం చిట్లించుకుని వెళ్ళిపోయాడు.

ముందు ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు తీసి కాగితం మీద పోశాను. మంచి పెట్రోలైతే ఆరిపోయి మరక లేకుండా పోతుంది. కిరసనాయిలుంటే జిడ్డు మరక మిగులుతుంది. కాగితం శుభ్రంగా ఆరింది. అయితే ఇది రుజువు కాదు. తాళాలు లాక్కున్న తర్వాత ట్యాంకు ఖాళీ చేయించి కొత్త పెట్రోలు పోయించింది రాఘవయ్యగారే.

మర్నాడు పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేశాను. అందుకుంది, దగ్గింది, ఆగిపోయింది. చోక్ పూర్తిగా లాగితే, అంటే గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ పోయేట్టు చేస్తే, వణుకుతూ నిలబడింది. బాగా వేడెక్కాక కాస్త కుదుటపడింది. కానీ యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం ముక్కు మూసుకుని పరిగెత్తే మనిషిలా ఆయాసపడింది. కంప్రెషన్ చూశాను, అంటే పిస్టన్లు గాలిని ఎంత గట్టిగా నొక్కుతున్నాయో కొలిచాను. నాలుగు సిలిండర్లూ బాగానే ఉన్నాయి. ఇంజను ఆయిలు చూస్తే మట్టం బాగా కిందికి దిగి ఉంది. వేళ్ళ మధ్య రాసి చూస్తే చిక్కగానే ఉంది.

అక్కడ నాకు అనుమానం తగిలింది. కిరసనాయిలు కలిపిన ఇంజనులో అది కాస్త కాస్త కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. ఆయిలు పల్చబడుతుంది, మట్టం తగ్గినట్టు కనిపించదు. ఇక్కడ అంతా తిరగబడి ఉంది. ఆయిలు బయటికి కారిన జాడ లేదు. మరి ఎటు పోతున్నట్టు?

రాఘవయ్యగారికి కబురు చేసి అడిగాను. "నెల నెలా డబ్బా కొనిస్తూనే ఉన్నా. అదీ అమ్ముకున్నాడేమో ఎవరికి తెలుసు!" అన్నాడు.

ఇంజను ఎప్పుడు దగ్గుతుందో, ఎప్పుడు పొగ వదులుతుందో రాఘవయ్యగారికి తెలియదు. తెలిసిన మనిషి ఒక్కడే. ఆ సాయంత్రం సైకిలేసుకుని దేవసహాయం ఉండే పేటకు వెళ్ళాను.

ఆయన గుమ్మంలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. "ఆ బండి సంగతి అడగటానికొస్తే కూర్చోమాకు మస్తాన్. కులాసాగా వస్తే కూర్చో" అన్నాడు.

ఆయన భార్య మరియమ్మ వదిన లోపల్నించి మంచినీళ్ళు తెచ్చింది. "ఆదివారం గుడికి కూడా రావట్లేదు. గుళ్ళో కానుకల సంచి పట్టేది ఈయనే. దొంగ అన్న చెయ్యి కానుక సంచి మీద ఎట్టా పెట్టేదని, ఆ సంచి పాస్టరుగారికి ఇచ్చేసి వచ్చాడు" అంది.

నేను మంచం పట్టె మీద కూర్చున్నాను. "అన్నా, నేను నీ తరపున రాలేదు, ఆయన తరపునా రాలేదు. ఆ ఇంజను తరపున వచ్చా. అది ఎక్కడ నొప్పో చెప్పలేకపోతంది. నువ్వే చెప్పాలి."

ఆయన నులక తాడు గిల్లుతూ కూర్చున్నాడు. మరియమ్మ వదినే ఆయన భుజం తట్టి, "చెప్పయ్యా. నువ్వు మూగోడిలా కూర్చుంటే వాళ్ళన్నదే నిజమైపోద్ది" అంది.

నెమ్మదిగా మొదలుపెట్టాడు. పొద్దున్నే దగ్గుతుందట. మధ్యాహ్నానికి కాస్త నయమట. ఒక్కో ఊరి సెంటర్లో కారు ఆపి చాలాసేపు మాట్లాడి, మళ్ళీ కదిలించగానే వెనక గొట్టంలోంచి నీలంగా పొగ గుప్పుమంటుందట. కొంచెం దూరం పోయాక ఆ పొగ ఆగిపోతుందట.

"ఆపి మాట్లాడేటప్పుడు ఇంజను కూడా ఆపుతావా?" అని అడిగాను.

"ఆపను. మైకు బ్యాటరీ మీద నడిచిద్ది గదా. ఇంజను ఆపితే బ్యాటరీ దిగిపోయిద్ది, పొద్దున బయల్దేరినకాడి నుంచి రాత్రి హాలుకొచ్చేదాకా ఆపమాకు అని అయ్యగారే చెప్పారు. ఇన్నేళ్ళూ అట్టానే నడిపా."

నాకు ఒళ్ళు పులకరించింది. అబద్ధం చెప్పను, ఆ క్షణంలో ఇంజను విప్పకుండానే లోపల ఏముందో కళ్ళకు కట్టింది. "అన్నా, రేపు హెడ్ విప్పుతా. నువ్వు రావాలి" అన్నాను. రానన్నాడు. "అంతమందిలో అన్నాడు. నేను పోయి ఆయన ఎదురుగా చేతులు కట్టుకు నిలబడనా?" అన్నాడు.

"చేతులు కట్టుకోవద్దు. నా పక్కన నిలబడి స్పానరు అందించు" అన్నాను. మరియమ్మ వదిన అప్పటికే ఉతికిన చొక్కా తీసి దండెం మీద వేసింది.

యజమానికీ కబురు పెట్టాను. మర్నాడు ఎండ బాగా ఎక్కాక ఇద్దరూ వచ్చారు. రాఘవయ్యగారు కుర్చీలో కూర్చున్నాడు. దేవసహాయం బెంచీకి ఇవతల, నా పక్కన నిలబడ్డాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మైకు మనిషిని దొంగన్నారట, ఇవాళ తేలుతుందట అన్న కబురు ఎవరు చేరవేశారో గాని, పక్క షెడ్లవాళ్ళు, టీ కొట్టువాళ్ళు షెడ్డు ముందు గుమిగూడారు.

హెడ్ ఎత్తి బెంచీ మీద పెట్టాను. స్ప్రింగులు నొక్కి వాల్వులు ఒక్కొక్కటే బయటికి తీశాను. వాల్వ్ బోర్లించిన కుక్కగొడుగులా ఉంటుంది, సన్నని కాడ, చివర పళ్ళెం. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వులు ముందు తీశాను. పొడిగా, బూడిద రంగులో, ఉండాల్సినట్టే ఉన్నాయి. తర్వాత ఇన్‌టేక్ వాల్వ్ తీశాను, గాలీ పెట్రోలూ లోపలికి పోయే తలుపు. చూస్తున్నవాళ్ళ నోట ఒక్కసారిగా "అబ్బో" అని వచ్చింది. సన్నగా ఉండాల్సిన మెడ మొత్తం మాడిన బెల్లం పాకం కట్టినట్టు నల్లగా, గరుకుగా, బొటనవేలంత లావున పేరుకుపోయింది. నాలుగు ఇన్‌టేక్ వాల్వులదీ అదే వరస.

రాఘవయ్యగారు కుర్చీలోంచి లేచాడు. "చూశావా! నేను చెప్పలా? కిరసనాయిలు మసి!"

దేవసహాయం ఒక అడుగు వెనక్కి వేశాడు.

"కూర్చోండి రాఘవయ్యగారూ. కిరసనాయిలైతే మసి పిస్టన్ల మీద, పొగ పోయే దారిలో ఉండాలి. వేలు పెట్టి చూడండి, అక్కడేమన్నా ఉందేమో. ఇది లోపలికి పోయే దారిలో, వాల్వు వీపు మీద మాత్రమే ఉంది. పైన్నించి ఏదో కారి, కాలి, దాని మీద మళ్ళీ కారి కట్టిన పొర ఇది" అన్నాను.

ఒక వాల్వును గీకి, తుడిచి, దాని గైడ్‌లో మళ్ళీ పెట్టాను. గైడ్ అంటే వాల్వు కాడ పైకీ కిందికీ జారే గొట్టం. "మీరే పట్టుకుని కదిలించండి" అన్నాను. ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని కదిలించాడు. ఊగే పన్నులా అటూ ఇటూ ఊగింది.

"ఈ సందులోంచే మీరు కొనిచ్చిన ఆయిలంతా లోపలికి పోయింది. గైడు మీద సీల్ అని ఒక రబ్బరు ఉంగరం ఉంటదండి, ఆయిలు దిగకుండా. అది రాయిలా గట్టిపడిపోయింది. దుమ్ము రోడ్ల మీద తిరిగి గైడ్లు అరిగిపోయినయ్. కారు నెమ్మదిగా పోయేటప్పుడు, ఊరికే నిలబడి తిరిగేటప్పుడు గాలి లోపలికొచ్చే దారి దాదాపు మూసుకుని ఉంటది. పిస్టను మాత్రం కిందికి దిగుతూ బలంగా పీలుస్తానే ఉంటది. గాలి చాలక, ఈ సందులోంచి ఆయిలు పీల్చుకుంటది. వేగంగా తిరిగే కార్లకు ఇంత పేరుకోదు. ఈ బండి పుట్టి బుద్ధెరిగి పరిగెత్తింది ఎప్పుడండి?"

"మరి పెట్రోలు?" అన్నాడాయన. గొంతు తగ్గింది. "పెట్రోలు ఎటుపోయింది?"

దీనికోసమే నేను నూనె డబ్బాలో పెట్రోలు పోసి సిద్ధంగా పెట్టుకున్నాను. తుడిచిన వాల్వు మీద కొన్ని చుక్కలు వేశాను. జారి బెంచీ మీద పడ్డాయి. తర్వాత మసి పట్టిన వాల్వు తీసి ఆయన చేతికే ఇచ్చి, దాని మీద పోశాను. ఒక్క చుక్క కింద పడలేదు. మళ్ళీ పోశాను. అదీ ఇంకిపోయింది. ఇసకలో పోసిన నీళ్ళలా ఆ నల్ల పొర తాగేస్తూనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు.

"పొద్దున్నే చల్లటి ఇంజనులోకి వచ్చిన పెట్రోలు ఇట్టా ముందు ఇది తాగుద్ది. సిలిండరుకు చాలదు. అందుకే దగ్గు. చోక్ లాగి ఇంకా పోయాలి. పైగా దారి ఇరుకైపోయి గాలి ఆడదు, లాగుడుండదు, అదే ఊరికి ఇంకా ఎక్కువ తొక్కాలి. మీరు వెతికే పెట్రోలు దొంగ మీ చేతిలోనే ఉన్నాడు రాఘవయ్యగారూ!"

షెడ్డు ముందు ఒక్క పెట్టున ఈలలు. నేను ఆ వయసులో కొంచెం గొప్పలకు పోయేవాణ్ణి, నాకూ ఛాతీ ఉప్పొంగింది. దేవసహాయం మాత్రం కదల్లేదు. మొదటిసారి యజమాని ముఖంలోకి చూశాడు.

"ఇంజను ఆపమాకు అన్నది మీరే గదండీ. నేను ఆపలా" అన్నాడు. అంతే.

రాఘవయ్యగారు ఆ వాల్వును తిప్పి తిప్పి చూశాడు. వేళ్ళకు నల్లగా అంటుకుంది. "ఎంత మాటన్నానురా నిన్ను" అన్నాడు చివరికి. "రేపట్నుంచి పన్లోకి రా. తప్పు నాదే."

"పని సంగతి తర్వాతండి. మీరు నన్ను ఇక్కడ అనలేదు. జనంలో అన్నారు. ఆ కబురు మా పేటలో ప్రతి ఇంటికీ పోయింది. వెనక్కి తీసుకునేది కూడా అక్కడే తీసుకోవాలి."

"అంటే? మీ పేటకొచ్చి మైకులో చెప్పమంటావా నన్ను?" ఆయనకు కోపం వచ్చింది. దేవసహాయం స్పానరు బెంచీ మీద పెట్టి వెళ్ళిపోయాడు. రాఘవయ్యగారు కూడా, "బండి బాగుచెయ్యి" అని నాకో మాట చెప్పి, రిక్షా ఎక్కాడు.

నేను గుంటూరు వెళ్ళి కొత్త గైడ్లు, సీళ్ళు, హెడ్డుకూ ఇంజనుకూ మధ్య వేసే గ్యాస్కెట్ తెచ్చాను. లేతు షాపులో పాత గైడ్లు దిగ్గొట్టించి కొత్తవి ఎక్కించాను. వాల్వుల్ని కిరసనాయిల్లో నానబెట్టి, మసి గీకి, ఇత్తడి బ్రష్షుతో రుద్దాను. అప్పుడు వాల్వ్ గ్రైండింగ్. ముద్దలాంటి పేస్టు రాసి, వాల్వును అది కూర్చునే చోట అటూ ఇటూ తిప్పుతూ, మజ్జిగ చిలికినట్టు వాల్వుకు అతికించిన కర్రను రెండు అరచేతుల మధ్య తిప్పుతూ అరగదీయాలి. అంచు చుట్టూ వెండి తీగలాంటి గీత పడితే తలుపు సరిగ్గా మూసుకుంటున్నట్టు. చివర్లో దారుల్లో పెట్రోలు నింపి చూశాను. ఒక్క చుక్క కూడా దిగలేదు.

బిగించాక ఆ రాత్రంతా ఇంజను చల్లబడనిచ్చి, పొద్దున్నే చోక్ ముట్టుకోకుండా తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. దగ్గు లేదు, వణుకు లేదు. బానెట్ మీద నీళ్ళ గ్లాసు పెట్టాను. గ్లాసులో నీళ్ళు సన్నగా జలదరించాయే తప్ప తొణకలేదు. టీ కొట్టతను వచ్చి చూసి, "నడుస్తందా ఆగిందా భాయ్?" అని అడిగాడు. నా పనికి అంతకంటే మంచి మాట ఎవరూ అనలేదు.

దేవసహాయానికి కబురు పెట్టాను, బండి నడిపి చూసి ఒప్పజెప్పమని. ఆయన వచ్చి సీట్లో కూర్చోగానే, ఎదురుగా రిక్షా దిగాడు రాఘవయ్యగారు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా. ఏమీ మాట్లాడకుండా ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నాడు. నేను వెనక, ఆంప్లిఫయరు పక్కన ఇరుక్కున్నాను.

వేటపాలెం రోడ్డు మీద ఊరు దాటాక, "అన్నా, ఒక్కసారి తొక్కు. దాన్ని ఊపిరి తీసుకోనివ్వు" అన్నాను. తొక్కాడు. పైనున్న మైకు గొట్టాలు గాలికి ఊళ వేశాయి. పోస్టర్లు పటపటా కొట్టుకున్నాయి. జీడిపప్పు ఫ్యాక్టరీకి నడిచి పోతున్న ఆడవాళ్ళు పక్కకు తప్పుకుని నోరు తెరుచుకుని చూశారు. పబ్లిసిటీ కారు పరిగెత్తటం వాళ్ళెప్పుడూ చూసి ఉండరు. రాఘవయ్యగారు తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు గాని నెమ్మదిగా పొమ్మనలేదు.

తన పేట మొదట్లో దేవసహాయం వేగం తగ్గించాడు. "లోపలికి పోనీ" అన్నాడు రాఘవయ్యగారు. చర్చి ముందున్న ఖాళీ జాగాలో ఆపించాడు. "ఇంజను ఆపు" అన్నాడు. ఆ మాట ఆయన నోటి నుంచి వినటం దేవసహాయానికి అదే మొదలు అయి ఉంటుంది. ఆపాడు.

రాఘవయ్యగారు మైకు అందుకున్నాడు. గొట్టాలు కీచుమన్నాయి. జనం ఇళ్ళలోంచి బయటికొచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేను హాలు రాఘవయ్యని. మీ దేవసహాయాన్ని నేను దొంగ అన్నాను. మా బండి ఇంజనులో రోగముంది. ఆయన చేతిలో ఏ తప్పూ లేదు. తప్పు మాట నాది." అక్కడ ఆగిపోయాడు. ఇంకేం చెప్పాలో తోచలేదు.

గుంపులోంచి ఒక ముసలమ్మ అరిచింది. "అది సరేగాని, ఇయ్యాల ఏం ఆటో చెప్పవయ్యా!"

అందరూ గొల్లుమన్నారు. రాఘవయ్యగారు కూడా నవ్వాడు, ముఖం ఎర్రబడింది. మైకు పక్కకు చాపాడు. దేవసహాయం దాన్ని అందుకుని, తన ఇంటి వైపు చూశాడు. గుమ్మంలో మరియమ్మ వదిన రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అప్పుడు వచ్చింది ఆ గొంతు, పేటంతా మోగుతూ. "పిన్నీ, ఆట పేరు చెబుతా, ముందు నీ దగ్గర టికెట్టుకు చిల్లరుందో లేదో చూసుకో!"

నా నలభై ఏళ్ళ పనిలో చాలా ఇంజన్లు బాగుచేశాను. అంత సంతోషంతో ఇంటికి నడిచి వెళ్ళిన రోజు ఇంకోటి లేదు.

ఆ కేసు నాకు వాల్వుల గురించి కొత్తగా ఏమీ నేర్పలేదు. గైడ్ల సంగతి, మసి సంగతి నాకు ముందే తెలుసు. నేర్పింది వేరే. ఆయిలు తగ్గుతోందని నేను చూడగలిగాను గాని, ఎటు పోతుందో, ఎందుకు పోతుందో ఆ పేటకు వెళ్ళి అడిగేదాకా తెలియలేదు. ఇంజను రోజంతా ఎలా బతుకుతుందో దాని పక్కన కూర్చున్న మనిషికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ తర్వాత షెడ్డులో ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. హెడ్ విప్పేటప్పుడు ఆ బండి నడిపేవాళ్ళు నా ఎదురుగా ఉండాలి. ఓనర్లు చిరాకుపడేవాళ్ళు. బండి మాది, డబ్బులిచ్చేది మేము, మధ్యలో డ్రైవరు ఎందుకని అడిగేవాళ్ళు.

"బండి మీదేనండి, కాదనను. ఆయన్ని పిలిపించండి. అందాకా టీ తాగుదాం" అనేవాణ్ణి.